కణవిభజన – కండె చెప్పే కథ

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదు సంవత్సరాల పాఠశాల పండుగలో జీవశాస్త్ర ప్రసంగం ఎందుకన్న సందేహం కొందరికి కలగవచ్చు. ఈ సభలో ముందు వరుసలో ఆసీనులైన వయోవృద్ధులలో ఎవరిని ఉదాహరణగా తీసుకున్నా ఆ సందేహం తీరుతుంది. అయిదేళ్ల ప్రాయంలో పలక పట్టుకున్న ఆనాటి వేళ్ల పైచర్మం ఇప్పుడు లేదు. చర్మపు పైపొర సుమారు నెల రోజులకొకసారి రాలిపోయి, అడుగునుండి కొత్త పొర పైకి వస్తుంది. ఆనాటి రక్తంలోని ఎర్రకణాలు కూడా లేవు. వాటి ఆయుర్దాయం దాదాపు 120 రోజులు. పేగుల లోపలి పొర 3 నుండి 5 రోజులలోనే మారిపోతుంది. కాని ఓనమాలు దిద్దిన నాటి జ్ఞాపకాన్ని మోస్తున్న మెదడులోని నాడీకణాలు మాత్రం చాలావరకు ఆనాటివే. అవి పుట్టిన తరువాత మళ్లీ విభజన చెందలేదు.

ఒకే దేహంలో కొన్ని కణాలు నిత్యం విభజన చెందుతుంటాయి. కొన్ని అవసరమైనప్పుడే చెందుతాయి. మరికొన్ని ఎన్నటికీ చెందవు. మనిషి శరీరంలో 30 లక్షల కోట్లకు పైగా కణాలున్నాయని శాస్త్రజ్ఞుల అంచనా. ఎముకల మూలుగ ప్రతి క్షణం 20 లక్షలకు పైగా ఎర్రకణాలను తయారుచేస్తుంది. ఇంతటి మహాయంత్రాంగం నడవాలంటే ఏ కణం ఎప్పుడు విభజన చెందాలో, ఎప్పుడు ఆగాలో కచ్చితమైన నియమం ఉండాలి. ఆ నియమం ఏమిటి, అది తప్పితే ఏమవుతుంది అన్నవే ఈ ప్రసంగానికి విషయాలు. వీటికి నిదర్శనాలు గంజాం జిల్లాలోనే, బరంపురం వీధులలోనే ఉన్నాయి.

కణం నుండే కణం

1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ బెరడు ముక్కను సూక్ష్మదర్శినితో చూసి, అందులో కనిపించిన చిన్నచిన్న గదులకు కణాలని పేరు పెట్టాడు. 1838, 1839 సంవత్సరాలలో ష్లైడన్, ష్వాన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు వృక్షాలూ, జంతువులూ కణాలతోనే నిర్మితమయ్యాయని స్థాపించారు. అయితే కొత్త కణం ఎక్కడి నుండి వస్తుందన్న ప్రశ్నకు వారి సమాధానం సరైనది కాదు. చక్కెర పాకంలో పలుకులు కట్టినట్లు ఒక ద్రవం నుండి కణాలు గడ్డకట్టి పుడతాయని వారు భావించారు. ఆ పొరపాటును రాబర్ట్ రెమాక్ సవరించాడు. ముందున్న కణం నుండే కొత్త కణం పుడుతుందన్న సూత్రానికి 1855లో రుడాల్ఫ్ విర్చో విస్తృత ప్రచారం కల్పించాడు.

ఆ పుట్టుక ఎలా జరుగుతుందో కన్నులారా చూసినవారిలో ఇద్దరు ముఖ్యులు. మొక్కలలో ఎడ్వర్డ్ స్ట్రాస్‌బర్గర్, జంతువులలో వాల్తర్ ఫ్లెమింగ్. ఫ్లెమింగ్ సాలమాండర్ అనే ఉభయచర జీవి పిల్లల కణాలకు రంగు వేసి పరిశీలించాడు. కేంద్రకంలో రంగు పట్టిన పోగులు కనిపించాయి. 1882లో ప్రచురించిన గ్రంథంలో ఆయన ఈ ప్రక్రియను మైటాసిస్ అన్నాడు. గ్రీకు భాషలో ‘మైటాస్’ అంటే పోగు. మగ్గం మీది పడుగు పోగుకు కూడా ఆ భాషలో అదే మాట. ఆ పోగులకే 1888లో వాల్డేయర్ క్రోమోజోములని పేరు పెట్టాడు. తెలుగు పాఠ్యగ్రంథాలలో మైటాసిస్‌ను సమవిభజన అంటారు.

చేనేత ఇంటి మాట

తెలుగు శాస్త్రగ్రంథాలలో ఈ విభజనను వర్ణించేటప్పుడు తప్పక కనిపించే మాట ‘కండె’. కండె పరికరం, కండె పోగులు అని విద్యార్థులు కంఠస్థం చేస్తారు. పరీక్షలో రాస్తారు, మరచిపోతారు. అయితే ఈ మాట చేనేత ఇళ్లలోనిది. రాట్నం మీద పేక నూలు చుట్టి నాడెలో అమర్చేది కండె. నడుమ లావుగా, రెండు కొసలూ సన్నగా ఉంటుంది. విభజన చెందుతున్న కణం మధ్యలో అమరే పోగుల కట్ట కూడా సరిగ్గా ఆ ఆకారంలోనే ఉంటుంది. శాస్త్రపదాలను కూర్చిన పెద్దలు ఆ పోలిక చూసే ఈ పేరు పెట్టారనుకోవడం ఉచితం. పట్టుచీరలకు పేరుపొంది, పట్టునగరమని పిలిపించుకుంటున్న బరంపురంలో మగ్గం నేసే తెలుగు కుటుంబం నుండి వచ్చిన పిల్లకు ఈ పాఠం పరాయిది కాదు. ఆమె ఇంటి మాటే పాఠ్యపుస్తకంలో ఉంది.

ఇక విభజన క్రమం. కణం తన జీవితకాలంలో ఎక్కువ భాగం విభజనకు ముందరి సన్నాహంలోనే గడుపుతుంది. దీన్ని అంతర్దశ అంటారు. చూడటానికి ఏమీ జరగనట్లే ఉంటుంది. నిజానికి అసలు పని అంతా అప్పుడే జరుగుతుంది. మనిషి కణంలోని డి.ఎన్.ఏ.ను పొడవుగా సాగదీస్తే సుమారు 2 మీటర్లు ఉంటుంది. అందులో దాదాపు 600 కోట్ల అక్షరాల సందేశం ఉంది. ఆ సందేశమంతా అంతర్దశలో అక్షరం పొల్లుపోకుండా మరో ప్రతిగా తయారవుతుంది. తప్పులను వెంటనే దిద్దే ఏర్పాటు కూడా కణంలో ఉంది. దిద్దుబాటు పూర్తయిన తరువాత నూరు కోట్ల అక్షరాలకు ఒక తప్పు మిగలడం కూడా అరుదు.

ఆ తరువాత ప్రథమ దశ. పల్చగా పరచుకొని ఉన్న పోగులు చుట్టలు చుట్టుకొని పొట్టిగా, లావుగా మారతాయి. 2 మీటర్ల దారం చిక్కుపడకుండా పంచాలంటే ముందుగా ఉండలు చుట్టుకోవలసిందే. ఒక్కొక్క క్రోమోజోము అప్పుడు జంట పోగులుగా కనిపిస్తుంది. ఈ రెండూ సెంట్రోమియర్ అనే చోట కలిసి ఉంటాయి. కేంద్రకపు పొర విడిపోతుంది, కండె ఏర్పడుతుంది. రెండవది మధ్యస్థ దశ. క్రోమోజోములన్నీ కండె నడిమి భాగంలో ఒకే వరుసలో నిలుస్తాయి. ప్రతి జంటలోని ఒక పోగును ఒక కొస నుండి, రెండవ పోగును రెండవ కొస నుండి కండె పోగులు పట్టుకొంటాయి. ఇక్కడ కణం ఒక్క క్షణం ఆగి సరిచూసుకుంటుంది. ఏ ఒక్క క్రోమోజోము పట్టు తప్పినా ముందడుగు వేయదు. అన్నీ సరిగా ఉంటే చలన దశ ఆరంభమవుతుంది. జంటలు విడిపోయి ఎదురెదురు కొసలకు చేరుకొంటాయి. చివరిదైన అంత్య దశలో రెండు కొసల వద్ద రెండు కేంద్రకాలు ఏర్పడతాయి. ప్రయోగశాలలో పెంచిన మనిషి కణాలకు ఈ మొత్తం చక్రం సుమారు ఒక రోజు పడుతుంది. అందులో సమవిభజనకు పట్టేది గంట సేపు మాత్రమే.

మొక్కలలో, జంతువులలో

ఇంతవరకు మొక్కకూ, జంతువుకూ పెద్ద భేదం లేదు. ఉల్లి వేరు కొనలోని 16 క్రోమోజోములైనా, వరి మొక్కలోని 24 అయినా, మనిషిలోని 46 అయినా ఒకే తీరున పంపకమవుతాయి. జంతుకణంలో కండె కొసల వద్ద సెంట్రియోల్ అనే చిన్న నిర్మాణాలుంటాయి. పూలు పూసే మొక్కల కణాలలో అవి ఉండవు. అవి లేకుండానే కండె ఏర్పడుతుంది.

అసలు భేదం కేంద్రకం రెండయిన తరువాత కణం రెండు కావడంలో ఉంది. జంతుకణానికి గట్టి గోడ లేదు. కండరాలలో ఉండే పదార్థాల వంటివే పొర కింద ఒక ఉంగరంలా అమరి బిగుసుకొంటాయి. సంచి నడుమ తాడు బిగించినట్లు కణం చుట్టూ నొక్కు ఏర్పడి, బయటి నుండి లోపలికి సాగి, కణం రెండుగా తెగుతుంది. మొక్క కణానికి సెల్యులోజుతో కట్టిన దృఢమైన కణకవచం ఉంది. దాన్ని నొక్కడం సాధ్యం కాదు. అందుచేత మొక్క కణం ఇంటి మధ్యలో కొత్త గోడ కడుతుంది. గోడకు కావలసిన సరుకు నిండిన సూక్ష్మమైన తిత్తులు కణం నడుమకు చేరి, ఒకదానితో ఒకటి కలిసి కణఫలకంగా మారతాయి. ఆ ఫలకం లోపలి నుండి బయటికి పెరిగి పాత గోడలను అందుకొంటుంది. జంతుకణం బయటి నుండి లోపలికి, మొక్క కణం లోపలి నుండి బయటికి. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకొన్న విద్యార్థి పాఠంలో సగం నేర్చినట్లే.

గోడల మధ్య బందీ అయిన మొక్క కణం తన చోటు విడిచి కదలలేదు. కనుక మొక్క తన విభజన శక్తిని వేరు కొనలో, కొమ్మ చివరలో, కాండం లోపలి పొరలో జీవితాంతం నిలుపుకొంటుంది. నూరేళ్ల మర్రి ఈ సంవత్సరం కూడా కొత్త ఊడ దించుతుంది. జంతువులకు సాధారణంగా ఆ భాగ్యం లేదు. ఒక వయసు వచ్చేసరికి ఎత్తు పెరగడం ఆగిపోతుంది.

గంజాం నేల చెప్పే నిదర్శనాలు

గంజాం సముద్రతీరంలో మొగలి పొదలను ఎరుగనివారుండరు. ఛత్రపురం, గోపాలపురం ప్రాంతాలలో పొలం గట్ల వెంట, వాగుల ఒడ్డున అవి గోడ కట్టినట్లు పెరుగుతాయి. ఆ పూల నుండి తీసే అత్తరుకు, మొగలి నీటికి దేశమంతటా ప్రసిద్ధి. మొగలిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. పరిమళం మగపూవుదే. రైతు గింజ నాటితే మొలిచేది ఆడదో మగదో పూత పూసేవరకు తెలియదు. అందువల్ల మంచి మగ చెట్టు పిలకను తీసి నాటుతాడు. ఆ పిలకలోని కణాలన్నీ తల్లిచెట్టు కణాల సమవిభజన వల్ల వచ్చినవే. కనుక అవే క్రోమోజోములు, అదే పరిమళం. సమవిభజన అంటే ఏమిటో పుస్తకం తెరవకుండానే మొగలి రైతుకు తెలుసు.

అరటి కూడా అలాంటిదే. పెరట్లోని చాలా రకాల పండ్ల అరటిలో 33 క్రోమోజోములుంటాయి. అంటే పదకొండేసి చొప్పున మూడు జట్లు. పిలకలతో పెరగడానికి అడ్డు లేదు. కాని విత్తు ఏర్పడాలంటే క్షయకరణ విభజన జరగాలి. ఆ విభజనలో క్రోమోజోములు జంటలుగా కలిసి, సంఖ్య సగమై, బీజకణాలు తయారవుతాయి. మనిషిలో 46 నుండి 23 కావడం అటువంటిదే. మూడు జట్లున్నచోట జంట కుదరదు. అందుకే అరటిపండులో గింజ ఉండదు. తినేవారికి అది సౌకర్యమే గాని అరటికి అది లోపం. తోటలోని మొక్కలన్నీ ఒకే మూసలోనివి గనుక ఒక దానికి సోకిన తెగులు అన్నిటికీ సోకుతుంది. క్షయకరణ విభజనలో క్రోమోజోముల భాగాలు మారతాయి, కలయికలు మారతాయి. ఒకే తల్లి పిల్లలైనా ఒకరిలా మరొకరు ఉండకపోవడానికి కారణం ఇదే. సమవిభజన ఉన్నదాన్ని నిలుపుతుంది, క్షయకరణ విభజన కొత్తదానికి దారి ఇస్తుంది.

ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు తండోపతండాలుగా ఒడ్డుకు వస్తాయి. 1994 ప్రాంతంలో శాస్త్రలోకం దృష్టికి వచ్చిన ఈ తీరంలో 2023, 2025 సంవత్సరాలలో ఆరు లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి. కొన్ని సంవత్సరాలలో అసలు అలా గుంపులుగా రావు. ఒక్కొక్క తాబేలు నూరు లేక అంతకు కొంచెం పైగా గుడ్లను ఇసుకలో పూడ్చి వెళుతుంది. ప్రతి గుడ్డులోని పిండం ఒక్క కణంతోనే ఆరంభమవుతుంది. ఆశ్చర్యమేమంటే, తల్లి కడుపులో ఉండగా ఆ కణం కొంతవరకు విభజన చెంది, ఆక్సిజన్ చాలని స్థితిలో ఎదుగుదలను ఆపుకొంటుంది. తల్లి ఒడ్డు చేరి గుడ్లను ఇసుకలో పెట్టిన తరువాత గాలి అంది, విభజన మళ్లీ సాగుతుంది. సుమారు ఏడు వారాలలో ఆ ఒక్క కణమే కళ్లు, రెక్కల వంటి కాళ్లు, పైడిప్ప గల పిల్లగా ఇసుకను తొలుచుకొని పైకి వస్తుంది. పిల్ల ఆడదో మగదో క్రోమోజోములు నిర్ణయించవు, ఇసుక వేడి నిర్ణయిస్తుంది. వేడి హెచ్చితే ఆడపిల్లలు, తగ్గితే మగపిల్లలు. పిండం గుడ్డు పెంకుకు లోపల అతుక్కొన్న తరువాత గుడ్డును కదిపినా, తిప్పినా విభజన ఆగి పిండం నశిస్తుంది. తీర గ్రామాల యువకులు, అటవీశాఖవారు ఆ ఇసుకకు కాపలా కాయడంలోని అంతరార్థం ఇదే.

మూడవ నిదర్శనం పట్టుపురుగు. గుడ్డు నుండి వెలువడిన పురుగు దాదాపు 25 రోజులలో తన తొలి బరువుకు సుమారు పదివేల రెట్లు పెరుగుతుంది. అది ఒక్క గూడులో అల్లే దారం వెయ్యి మీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి ఉంటుంది. ఇంత పట్టును తయారుచేసే గ్రంథిలో కోట్ల కొద్దీ కణాలుంటాయని ఎవరైనా ఊహిస్తారు. పట్టులోని ముఖ్య పదార్థాన్ని స్రవించే వెనుక భాగంలో నిజానికి ఉండేవి సుమారు 500 కణాలే. పురుగు గుడ్డులో ఉండగానే ఆ కణాల సంఖ్య స్థిరపడుతుంది. తరువాత అవి విభజన చెందవు. కాని లోపల డి.ఎన్.ఏ. మాత్రం రెట్టింపుకు రెట్టింపుగా పెరుగుతూ లక్షల రెట్లకు చేరుకుంటుంది. కణం పంచుకోదు, ప్రతులను మాత్రం పెంచుకుంటుంది. ఒకే వంటవాని చేతికి లక్ష ప్రతుల వంటపుస్తకం ఇచ్చినట్లు అనుకోవచ్చు. బరంపురం పట్టుచీర అంచులో మెరిసే ప్రతి పోగు వెనుక విభజన మానుకొన్న కణాలున్నాయి.

కళ్లెం తెగితే

విభజనకు కళ్లెం వేసే యంత్రాంగాన్ని కనుగొన్నందుకు హార్ట్‌వెల్, హంట్, నర్స్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2001లో నోబెల్ బహుమతి లభించింది. ముందుకు సాగుమనే పదార్థాలున్నాయి, ఆగుమనే పదార్థాలున్నాయి. డి.ఎన్.ఏ.లో దెబ్బ కనిపిస్తే బాగుచేసే వరకు కణాన్ని నిలిపివేసే కాపలాదారులున్నాయి. బాగుచేయడం సాధ్యం కాకపోతే ఆ కణం తనంత తాను మరణించే ఏర్పాటు కూడా ఉంది. ఈ కళ్లేలు ఒకదాని తరువాత ఒకటి తెగిపోయిన కణం ఆపూ అదుపూ లేకుండా విభజన చెందుతుంది. దానికే క్యాన్సర్ అని పేరు.

ఈ విషయం గంజాం, శ్రీకాకుళం, విశాఖ తీరాల తెలుగు కుటుంబాలకు ఇంటి సమస్య. అడ్డపొగ ఎరుగనివారు ఈ సభలో తక్కువ. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటిలో పెట్టుకొని పీల్చే ఈ అలవాటు ముఖ్యంగా స్త్రీలలో, వయసు మళ్లినవారిలో తరతరాలుగా ఉంది. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా ఉంటుందని, పనిచేసుకుంటూ కాల్చుకోవచ్చునని కారణాలు చెబుతారు. ఈ అలవాటువల్ల అంగుడి క్యాన్సర్ వస్తున్నదని 1957లోనే కోస్తా ఆంధ్రకు చెందిన వైద్యులు ప్రచురించారు. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, టాటా ప్రాథమిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు కలిసి శ్రీకాకుళం జిల్లాలో పదివేల మందికి పైగా గ్రామీణుల నోళ్లను పరీక్షించి, 1971లో తమ ఫలితాలను వెల్లడించారు. క్యాన్సర్ ఇతర ప్రాంతాలలో అంగుట్లో అరుదు. అడ్డపొగ ఉన్నచోట అక్కడే ఎక్కువగా కనిపిస్తుంది.

కారణం కణవిభజనలోనే ఉంది. నిప్పు వేడికి అంగుడి పైపొర రోజూ కాలుతుంది. కాలిన పొరను పూడ్చడానికి అడుగు కణాలు మామూలుకు మించి విభజన చెందవలసి వస్తుంది. విభజన ఎన్నిసార్లు జరిగితే ప్రతి తీసేటప్పుడు తప్పులు దొర్లే అవకాశం అన్నిసార్లు కలుగుతుంది. పైగా పొగాకులోని విషపదార్థాలు డి.ఎన్.ఏ.ను నేరుగా దెబ్బతీస్తాయి. వేడి కణాలను తొందరపెడుతుంది, పొగ వాటి రాతను చెరుపుతుంది. రెండూ ఒకేచోట కలుస్తాయి. ముందుగా అంగుడి తెల్లబారి, దళసరిగా మారి, మధ్యమధ్య ఎర్రని చుక్కలు కనిపిస్తాయి. నొప్పి ఉండదు. నొప్పి లేకపోవడమే ప్రమాదం. నొప్పి వచ్చేసరికి తరచుగా ఆలస్యమైపోతుంది.

అయినా నిరాశకు తావు లేదు. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాలలో పొగాకు వాడే 36,000 మందిని ఎంచుకొని, ఇంటింటికీ వెళ్లి నచ్చజెప్పి, ఏటేటా నోరు పరీక్షించిన ఒక బృహత్ప్రయత్నం ఫలితాలు 1986లో వెలువడ్డాయి. మాట విని అలవాటు మానినవారిలో, తగ్గించినవారిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గాయి. దెబ్బ తగలడం ఆగితే కణాల తొందర కూడా తగ్గుతుంది. మందు కన్న మాట ముందుగా పనిచేసిన సందర్భమిది.

సుబ్బారావు గారి రెండు మందులు

విభజనను పెంచే మందు, విభజనను ఆపే మందు, రెండింటితోనూ ముడిపడిన ఒక తెలుగు శాస్త్రజ్ఞుడున్నాడు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధికి బలికావడం చూసి వైద్యశాస్త్రం వైపు మళ్లారు. మద్రాసులో చదివి, 1920ల తొలినాళ్లలో అమెరికాలోని బోస్టన్ చేరారు. 1940లో లెడర్లీ పరిశోధనాశాలలో చేరి, ఆయన నాయకత్వం వహించిన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. డి.ఎన్.ఏ.కు కావలసిన ఒక ముఖ్యాక్షరం తయారుకావాలంటే ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. అది చాలకపోతే మూలుగలోని కణాలు సరిగా విభజన చెందవు, రక్తహీనత వస్తుంది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి కూడా అది ఉపశమనం కలిగించింది.

ఆ ఆమ్లాన్నే కొద్దిగా మార్చి, కణాన్ని మోసగించే అమినోప్టెరిన్ అనే పదార్థాన్ని ఆ పరిశోధనాశాల తయారుచేసింది. కణం దాన్ని ఫోలిక్ ఆమ్లమని భ్రమించి తీసుకొంటుంది. కాని డి.ఎన్.ఏ. తయారీ నిలిచిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు దాన్ని రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో ప్రచురించిన ఆయన నివేదిక ప్రకారం 16 మందిలో 10 మందికి గుణం కనిపించింది. ఆ ఉపశమనం తాత్కాలికమే. అయినా అంతవరకు ఏ మందూ లేని వ్యాధికి అది తొలి వెలుగు. ఆ తరువాత రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ వంశానికే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. మంచి వైద్యం అందిన చోట ఇప్పుడు పిల్లల రక్తక్యాన్సర్‌లో ముఖ్యమైన రకం నూటికి 90 మందికి దాదాపుగా నయమవుతున్నది.

ఆ వైద్యంలో మరొక మందు వింక్రిస్టిన్. అది లభించేది బిళ్ల గన్నేరు నుండి. ఈ ఊళ్లో గుమ్మం ముందు, గుడి ప్రాంగణంలో గులాబీ రంగులో, తెలుపులో పూసే మొక్కే అది. 1950, 60లలో కెనడా, అమెరికా శాస్త్రజ్ఞులు దాని ఔషధ గుణాన్ని వెలికితీశారు. ఆ మందు కండె పోగులను కూడనివ్వదు. కండె లేకపోతే క్రోమోజోముల పంపకం జరగదు, కణం మధ్యస్థ దశలోనే నిలిచి మరణిస్తుంది. ఈ మందులు తీసుకొనేవారికి జుట్టు రాలడానికి కారణం కూడా ఇదే. వెంట్రుక కుదుళ్లలోని కణాలు కూడా వేగంగా విభజన చెందేవే గనుక మందు వాటినీ తాకుతుంది. చికిత్స ముగిసిన తరువాత జుట్టు మళ్లీ వస్తుంది. అయితే ఒక హెచ్చరిక. పెరట్లో ఉంది కదా అని బిళ్ల గన్నేరు ఆకు నమలడం, కషాయం తాగడం ప్రాణాపాయకరం. ఆకులోని విషాన్ని కొలిచి, శుద్ధిచేసి వైద్యుడు ఇచ్చినప్పుడే అది మందు.

విద్యార్థులకు, తల్లిదండ్రులకు

ఈ పాఠం కంఠస్థం చేయడానికి కాదు, కంటితో చూడడానికి. ఒక ఉల్లిపాయ, నోటి నిండా నీళ్లు పోసిన ఒక గాజు గ్లాసు చాలు. ఉల్లిపాయ అడుగు నీటికి తాకేటట్లు నిలిపితే రెండు మూడు రోజులలో తెల్లని వేళ్లు వస్తాయి. ఉదయం పూట ఆ వేరు కొనను కోసి, ఉపాధ్యాయుని పర్యవేక్షణలో ఆమ్లంతో మెత్తబరచి, రంగు పట్టించి, గాజుపలకల మధ్య ఒత్తి సూక్ష్మదర్శిని కింద ఉంచితే ఫ్లెమింగ్ చూసిన దృశ్యమే కనబడుతుంది. ఎక్కువ కణాలు అంతర్దశలోనే ఉంటాయి. ఓపికగా వెతికితే ఎక్కడో ఒకచోట చలన దశలో, రెండు వైపులకు సాగుతున్న పోగులు కనిపిస్తాయి. పాఠశాలకు మేలు చేయదలచిన పూర్వవిద్యార్థులు ప్రయోగశాలకు మరొక సూక్ష్మదర్శినిని సమకూరిస్తే, ఒక్కొక్క పిల్లకు చూడటానికి దొరికే సమయం అంతకంత పెరుగుతుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి గంజాం అందులో చేరినప్పటి నుండి ఇక్కడి తెలుగు పిల్లలు ఇంట ఒక భాష, వీధిలో మరొక భాష మధ్య పెరుగుతున్నారు. శాస్త్రం మూడవ భాషలో మాత్రమే వస్తుందని కొందరు తల్లిదండ్రులలో భయం ఉంది. ఉన్నత విద్యకు ఆంగ్లం అవసరం, అందులో వాదం లేదు. అయితే కండె అన్న మాట విని తాతగారి మగ్గం గుర్తుకు వచ్చిన పిల్లకు స్పిండిల్ అన్న మాట నేర్వడానికి ఒక్క నిమిషం చాలు. అర్థం ముందుగా తెలిసినవారికి మాట మారడం కష్టం కాదు.

చివరిగా విద్యార్థులకు ఒక ఇంటిపని. ఈ సాయంత్రం ఇంటికి వెళ్లి, అడ్డపొగ తాగే అమ్మమ్మగాని, నాయనమ్మగాని, తాతగాని ఉంటే ఎదుట కూర్చొని, దీపం పట్టి, నోరు తెరవమని అడగాలి. అంగుట్లో తెల్లదనం, ఎర్రచుక్కలు, మానని పుండు కనిపిస్తే ఆలస్యం చేయక బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల వంటి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాలని తండ్రితో చెప్పాలి. ఏమీ కనిపించకపోతే, ఉల్లి వేరులో చూసిన పోగుల సంగతి, నిప్పు వేడికి అవి పడే తొందర సంగతి ఆ పెద్దమనిషికి తెలుగులో చెప్పాలి. డాక్టరు మాట వినని నాయనమ్మలు మనుమరాలి మాట వింటారు.

 పాఠశాల శతవసంతాల పండుగ కూడా ఇంతే వైభవంగా జరుగుగాక.